దారీ తెన్నూ: ఆరు ప్రయత్నాలూ అయిపోయాక

ప్రశ్న: అయ్యా, మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లె. నాన్న వ్యవసాయం చేస్తారు. నేను 2017లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఒక ఏడాది ఉద్యోగం చేశాక, సివిల్ సర్వీసెస్ పరీక్షల కోసం చెన్నై వచ్చి అన్నానగర్‌లో గది తీసుకున్నాను. జనరల్ కేటగిరీకి ఉన్న ఆరు ప్రయత్నాలూ అయిపోయాయి. రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్ళాను గాని ఇంటర్వ్యూ పిలుపు ఒక్కసారీ రాలేదు. ఆఖరి ఫలితం వచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ గది ఖాళీ చేయలేదు. రోజూ ఉదయం కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్ళి, చీకటిపడే దాకా కూర్చుని వస్తున్నాను. ఏం చదువుతున్నానంటే చెప్పలేను. శ్రీసిటీలో పనిచేస్తున్న మా చెల్లెలు నెలనెలా డబ్బు పంపుతోంది. ఇంకొక అవకాశం ఉందని నాన్నకు అబద్ధం చెప్పాను. మామయ్య సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటాడు, స్నేహితులు గ్రూప్-1 రాయమంటారు, ఒక కోచింగ్ సెంటరువారు పాఠాలు చెప్పమని అడిగారు. దేనిమీదా మనసు నిలవడం లేదు. నాకు ముప్పై ఏళ్ళు. ఏ దారిలో వెళ్ళాలో చెప్పండి.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, అన్నానగర్

జవాబు: మీ పరీక్ష ముగిసి ఎనిమిది నెలలైనా, ఆ పరీక్ష కోసం మీరు ఏర్పరచుకున్న బతుకు మాత్రం చెక్కుచెదరకుండా నడుస్తోంది. అదే గది, అదే గ్రంథాలయం, అదే వేళకు లేవడం, నాన్నగారికి ఫోనులో చెప్పే అదే మాట. ఈ ఏర్పాటు కొనసాగినంతకాలం ఎవరు ఎలాంటి ఉద్యోగం తెచ్చి మీ చేతిలో పెట్టినా అది మీకు పరాయిదిగానే కనిపిస్తుంది. దేనిమీదా మనసు నిలవడం లేదని బాధపడుతున్నారు గాని, ఆ మనసు ఇప్పటికే ఒకచోట కట్టుబడి ఉంది. దాన్ని అక్కడినుంచి విడిపించుకోవడం మీ మొదటి పని. దారి వెతుక్కోవడం ఆ తరువాతి పని, నా ఉద్దేశంలో దీనికంటే తేలికైన పని కూడా.

అన్నిటికంటే ముందు ఊరికి వెళ్ళి నాన్నగారి ఎదురుగా కూర్చుని నిజం చెప్పండి. ఫోనులో వద్దు. గూడూరు వైపు వెళ్ళే రైలెక్కితే పూట గడవకముందే ఇంట్లో ఉంటారు. ఉన్న ఆరు అవకాశాలూ వాడుకున్నానని, ఇకమీదట ఈ పరీక్ష రాయడానికి నియమాలే ఒప్పుకోవని, ఇంకొకటి మిగిలి ఉందని చెప్పినది నిజం కాదని చెప్పడానికి మూడు వాక్యాలు చాలు. ఆ మూడు వాక్యాలే మీకు కొండంత బరువుగా ఉన్నాయని మీ ఉత్తరమే చెబుతోంది. అయితే మీ నాన్నగారు సేద్యం చేసే మనిషి. వానలు మొహం చాటేసిన ఏడాది చెరువు కింద నాట్లు ఎండిపోవడం, పెట్టిన పెట్టుబడి మట్టిలో కలిసిపోవడం, అయినా మరుసటి ఏడు మళ్ళీ దుక్కికి దిగడం ఆయనకు తెలియని సంగతులు కావు. ఒళ్ళు దాచుకోకుండా కష్టపడినా పంట చేతికి రాని ఏడాది ఉంటుందని మీకంటే ఆయనకే బాగా తెలుసు. రేపు ఈ సంగతి ఊళ్ళో మరొకరి నోట వినవలసి వస్తేనే ఆయనకు తలకొట్టేసినట్టవుతుంది.

చెల్లెలికీ అదే రోజున చెప్పండి. ఆమె తన జీతంలోంచి తీసి పంపుతున్న ప్రతి రూపాయీ ఒక ఆశ మీద పంపుతున్నది. ఆ ఆశకు ఆధారం లేదని తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. అన్నీ విన్నాక కూడా కొన్నాళ్ళు ఆదుకుంటానంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి. అది ఎంత, ఎప్పటిదాకా అనే లెక్కను మాత్రం ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి.

ఆ తరువాత గది. ఇంటి యజమానికి నోటీసు ఇచ్చి, అడ్వాన్సులోంచి రావలసింది రాబట్టుకుని, ఖాళీ చేసే తేదీ ఖాయం చేసుకోండి. నెలవారీ వర్తమాన వ్యవహారాల పత్రికలు ఏడాది దాటితే ఎవరికీ పనికిరావు కనుక పాత పేపర్ల కొట్టుకు వేసేయండి. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం పుస్తకాలు కొత్తగా వచ్చిన పిల్లలెవరికైనా ఇవ్వండి. టెస్ట్ సిరీస్‌లలో మీరు రాసి దిద్దించుకున్న జవాబు పత్రాలను మాత్రం పారేయవద్దు. వాటితో ఒక పని ఉంది.

మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపర్లో మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలకు, అంటే ఒక్కో ప్రశ్నకు తొమ్మిదేసి నిమిషాల్లో, 150 మాటల్లోనో 250 మాటల్లోనో జవాబు రాయాలని మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ ఒత్తిడిలో రాసిన జవాబుల్లో మనిషి ఇష్టాయిష్టాలు దాగవు. ఒక తీరిక మధ్యాహ్నం ఆ కట్ట ముందేసుకుని, మార్కుల సంగతి పక్కన పెట్టి, ఏ ప్రశ్న వచ్చినప్పుడు మీ కలం పరుగెత్తిందో, ఎక్కడ స్థలం చాలక చివరి వాక్యాన్ని ఇరికించి రాశారో, ఎక్కడ బట్టీపట్టిన ముక్కలను అతికించి సరిపెట్టారో చూడండి. సాగునీటి పంపకాల మీద రాసినప్పుడు ఒక ఊపు, అంతర్జాతీయ సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఒక నీరసం కనిపించవచ్చు. ఇన్నేళ్ళ రాతలో ఏ విషయాలు పదే పదే మిమ్మల్ని లాక్కుపోయాయో గుర్తించి రాసుకోండి. మీకు ఏది ఇష్టమని నేనో మీ మామయ్యో చెప్పడం కంటే మీ చేతిరాత చెప్పేదే నమ్మదగినది.

ఇక వైఫల్యం మాట. 2024 సివిల్ సర్వీసెస్ పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు చేస్తే, ప్రిలిమ్స్ రాసినవారు 5,83,213 మంది, మెయిన్స్‌కు అర్హత పొందినవారు 14,627 మంది, ఇంటర్వ్యూకు అర్హులైనవారు 2,845 మంది, చివరికి నియామకాలకు సిఫారసు అయినవారు 1,009 మంది. ప్రిలిమ్స్ రాసిన ప్రతి వందమందిలో మెయిన్స్‌కు చేరేది రెండున్నర మంది, ఆ మెయిన్స్ దాటి ఉద్యోగం దాకా వెళ్ళేది పద్నాలుగు పదిహేను మందిలో ఒక్కరు. మీరు ఆ రెండున్నర మందిలో రెండుసార్లు ఉన్నారు. ఆ తరువాతి వడపోతలో కొద్ది మార్కుల తేడా మీద ఆగిపోయేవారిలో సమర్థులు ఎందరో ఉంటారు. ఈ లెక్క మీకు తెలియక రాయడం లేదు. ఇంట్లోవారికి తెలియదు, ఊరికి వెళ్ళినప్పుడు ఈ అంకెలు వారికి కూడా చెప్పండి. ఇదే స్థితిలో ఉన్న మరికొందరు పాఠకుల కోసం ఒక మాట: ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఎంపిక కాలేకపోయినవారి వివరాలను, వారు ఒప్పుకుంటే, ఉద్యోగమిచ్చే సంస్థలకు అందుబాటులో ఉంచే పద్ధతిని యూపీఎస్సీ 2018లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని ‘ప్రతిభా సేతు’ పేరుతో నడుపుతోంది.

మీ ముందున్న మూడు సలహాల విషయానికి వస్తాను. గ్రూప్-1 రాయమన్న స్నేహితుల మాటలో తప్పు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి గ్రూప్-1 నోటిఫికేషన్లలో జనరల్ అభ్యర్థులకు 42 ఏళ్ళ దాకా అవకాశం ఇచ్చారు, మీరు చదివినదంతా అక్కడ పనికొస్తుంది. నాకు భయం కలిగించేది కూడా ఆ 42 అనే అంకే. ముప్పైలో ఉన్న మనిషికి ఇంకా పన్నెండేళ్ళు ఇలాగే ఉండిపోవచ్చునని అది చెబుతుంది. 2018లో వెలువడిన గ్రూప్-1 నోటిఫికేషన్ తాలూకు మెయిన్స్ వివాదం 2024లో కూడా హైకోర్టులో నలుగుతూనే ఉందని గుర్తుంచుకోండి. రాయాలనిపిస్తే ఉద్యోగం చేసుకుంటూ రాయండి. ఉద్యోగం మాని మాత్రం రాయవద్దు. కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పడం గౌరవమైన వృత్తే అయినా, మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. అక్కడ చేరితే మీ చుట్టూ అదే పరీక్ష, అవే పుస్తకాలు, అవే ఫలితాల రోజులు. విడిపించుకున్న మనసు వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే చిక్కుకుంటుంది. ఇక సాఫ్ట్‌వేర్ కోర్సు. మీ ఉత్తరంలో దానిమీద ఒక్క ముక్క ఇష్టం కూడా కనిపించలేదు. మామయ్య మాట తీసేయలేక చేరేట్టయితే డబ్బు దండగ.

నేనైతే రెండు వైపులకు వెళ్ళి చూడమంటాను. మొదటిది మీ సొంత చదువు. శ్రీపెరుంబుదూరు, ఒరగడం, శ్రీసిటీ మూడూ మీకు అందుబాటులో ఉన్న కర్మాగారాల ప్రాంతాలు. ఇన్నేళ్ళ ఎడం తరువాత డిజైన్ విభాగంలో చోటు దొరకకపోవచ్చు గాని, నాణ్యత తనిఖీ, భద్రత, సరుకు సరఫరా వంటి విభాగాల్లో ఇంజనీరింగ్ పట్టాతో పాటు నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాయగల మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది. రెండోది, 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద జరిగే పనులు. చట్టం చెప్పిన పరిమాణానికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలన్న నియమం మీరు జవాబు పత్రాల్లో ఎన్నిసార్లు రాసి ఉంటారో. ఆ డబ్బుతో ఊళ్ళలో బడి గదులు, తాగునీటి పనులు, వైద్య శిబిరాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ పథకాలు తెలిసినవాడు, మండల కార్యాలయంలో మాట్లాడగలిగినవాడు, నివేదిక రాయగలిగినవాడు కావాలి. మీరు మెయిన్స్‌లో కాగితం మీద చేసిన పని ఇక్కడ మనుషుల మధ్య చేయవలసి వస్తుంది. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, అది ముందే తెలుసుకుని దిగాలి.

ఈ రెంటిలో ఏది మీది అని గదిలో కూర్చుని ఆలోచిస్తే తేలదు. చెల్లెలి ద్వారానో, మీతో ఇంజనీరింగ్ చదివినవారి ద్వారానో ఆ పనులు చేస్తున్న ఒకరిద్దరిని కలిసి, వారి పనిదినం ఎలా గడుస్తుందో అడగండి. వీలైతే జీతం లేకపోయినా కొన్నాళ్ళు పక్కన ఉండి చూడండి. మూడు నెలలు గడువు పెట్టుకుని, ఆ గడువులో వచ్చిన మొదటి ఒప్పదగిన ఉద్యోగంలో చేరండి. అది జీవితాంతం చేయవలసిన ఉద్యోగం కానక్కరలేదు. జీతం రావాలి, మీకోసం ఎదురుచూసే పని ఒకటి రోజూ ఉండాలి, అంతే. దరఖాస్తులో ఈ ఏళ్ళను దాచిపెట్టవద్దు. సివిల్ సర్వీసెస్‌కు సిద్ధమయ్యానని, రెండుసార్లు మెయిన్స్ రాశానని ఒక్క వరుసలో సూటిగా రాసి, ఆ తరువాత మీరు చేయగలిగిన పనుల గురించి రాయండి.

మీరు రాయనిది ఒకటి నేను అడగాలి. నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? బతుకు మీద విసుగు పుట్టే ఆలోచనలు వస్తున్నాయా? వస్తుంటే పైన రాసినవన్నీ ఆగవచ్చు, ఇది ఆగకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ మీకు దగ్గరే. గది ఖాళీ చేసి ఊళ్ళో నాలుగు రోజులుండి వచ్చాక మళ్ళీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా పుట్టిల్లు ఒంగోలు. పెళ్ళయి మద్రాసు వచ్చి పద్నాలుగేళ్ళయింది, ఆవడిలో ఉంటున్నాం. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో రెండేళ్ళు పనిచేశాను. పిల్లలిద్దరూ పెద్ద తరగతులకు వచ్చారు. ఇప్పుడు ఏదైనా చేయాలని ఉంది గాని ఏం చేయాలో తోచడం లేదు. రెండు మూడు చోట్ల అడిగితే ఇంత గ్యాప్ ఎందుకు వచ్చిందన్నారు. తమిళం అర్థమవుతుంది, మాట్లాడటం అంతంతమాత్రం, చదవడం రాదు. మావారు ‘ఇప్పుడెందుకు, హాయిగా ఉండు’ అంటారు. నాకు 39 ఏళ్ళు. చదివినదంతా మరిచిపోయాను, ఎందుకూ పనికిరానేమో అనిపిస్తోంది.
– ఒక గృహిణి, ఆవడి

జవాబు: అమ్మా, మరిచిపోయానని మీరు అనుకుంటున్నది పరీక్షకు చదివిన చదువు. ల్యాబ్‌లో రెండేళ్ళు చేతులతో చేసిన పని అంత తొందరగా పోదు, కదిలిస్తే తిరిగి వస్తుంది. అయినా ఈ వయసులో మళ్ళీ ల్యాబ్ ఉద్యోగం కోసం ఇరవై మూడేళ్ళ పిల్లలతో పోటీ పడమని మీకు చెప్పను. మీ చదువుకు సరిపడే పని మరొకటి ఉంది, చాలామంది ఇళ్ళలో దాని పేరు కూడా వినపడదు.

అది పేటెంట్ల పని, అంటే కొత్తగా కనిపెట్టినదాని మీద కనిపెట్టినవారికి ఇచ్చే ప్రత్యేక హక్కులకు సంబంధించిన పని. కొత్త మందును గాని, దాన్ని తయారుచేసే కొత్త పద్ధతిని గాని కనిపెట్టినవారు పేటెంటు కోరితే, అది నిజంగా కొత్తదా కాదా అని పాత పరిశోధనలన్నీ గాలించి తేల్చాలి. రసాయన శాస్త్రం చదివినవారే చేయగలిగిన పని ఇది. గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కథ మీరు వినే ఉంటారు. అందులోని ఇమాటినిబ్ మెసిలేట్ అనే పదార్థపు బీటా స్ఫటిక రూపానికి ఆ మందు కంపెనీ పేటెంటు కోరితే, 2006లో ఆ దరఖాస్తును తిరస్కరించింది మన చెన్నై పేటెంటు కార్యాలయమే. తిరిగి తిరిగి ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి, 2013 ఏప్రిల్ 1న అక్కడ కూడా కంపెనీ ఓడిపోయింది. పాత పదార్థానికే కొత్త స్ఫటిక రూపం వస్తే దానివల్ల మందుగా అదనంగా పనిచేసే గుణం పెరిగిందా అన్నది అక్కడ తేల్చవలసిన ప్రశ్నల్లో ముఖ్యమైనది. అలాంటి ప్రశ్నను అర్థం చేసుకోవడానికి కావలసిన పునాది మీ ఎమ్మెస్సీలోనే ఉంది.

చదువు మధ్యలో, ఉద్యోగం మధ్యలో ఆగిన స్త్రీల కోసమే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఈ రంగంలో ఏడాదిపాటు భృతితో శిక్షణ ఇచ్చే పథకం ఒకటి నడిపిస్తోంది. మొదట ‘విమెన్ సైంటిస్ట్ స్కీమ్-సి’ అనేవారు, ఇప్పుడు ‘వైజ్-ఐపీఆర్’ అంటున్నారు. వయోపరిమితి 25 నుంచి 45 ఏళ్ళు కనుక మీకు ఇంకా సమయం ఉంది, కాని చేతులు ముడుచుకుని కూర్చునేంత లేదు. ఏటి నోటిఫికేషన్‌లో నియమాలు చూసుకుని దరఖాస్తు చేయండి. దానితో నిమిత్తం లేకుండా, ఇతరుల తరఫున పేటెంటు దరఖాస్తులు నడిపే పేటెంట్ ఏజెంట్ కావడానికి పెట్టే పరీక్ష కూడా రాయవచ్చు. సైన్సు డిగ్రీ ఉంటే చాలు, పై వయోపరిమితి లేదు.

ఇందులోకి దిగేముందు ఇది మీకు నచ్చుతుందో లేదో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ప్రచురితమైన దరఖాస్తులు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. మీరు ల్యాబ్‌లో పనిచేసిన మందుల జాతికి చెందినది ఒకటి ఎంచుకుని, సంశ్లేషణ పద్ధతి వివరించే భాగాన్ని కాగితం మీద మెట్టుమెట్టుగా వేసుకుంటూ చదవండి. మొదటి రోజు తలనొప్పిగా ఉంటుంది. వారం పదిరోజులు పట్టు విడవకుండా చదివాక కూడా విసుగే మిగిలితే ఈ పని మీది కాదు. వంట మధ్యలో కూడా ఆ రెండో మెట్టులో ఏ ద్రావణి వాడారో గుర్తుకు వస్తుంటే ధైర్యంగా ముందుకు వెళ్ళండి.

తమిళం సంగతి. తెలుగు చదవగలిగినవారికి తమిళ అక్షరాలు ఒక నెల పని. మీ పిల్లల పాత వాచకంతో మొదలుపెట్టి, బస్సుల బోర్డులతో సాధన చేయండి. 2021 మే నెల నుంచి సాధారణ టౌను బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు కనుక, గిండీలోని పేటెంటు కార్యాలయం దాకా ఒకరోజు ఒంటరిగా వెళ్ళి చూసి రండి. ఆవడిలోనే ఉండిపోయి నగరం భయపెడుతోందని అనుకునేవారికి ఇలా తిరగడం చాలా మేలు చేస్తుంది. గ్యాప్ ఎందుకు వచ్చిందని అడిగితే పిల్లల్ని పెంచానని చెప్పండి, దానికి క్షమాపణ జోడించవద్దు. వెంటనే ఇప్పుడు ఏం నేర్చుకుంటున్నారో చెప్పండి, అడిగినవారు అక్కడినుంచే మాట్లాడతారు.

మీవారు ‘ఇప్పుడెందుకు’ అనడం అడ్డుపెట్టడానికే అని నేను అనుకోను. మీరు ఏం చేయబోతున్నారో ఆయన ముందు ఇంతవరకు ఒక రూపంతో పెట్టి ఉండరు. ఏ పని, ఎంతకాలం శిక్షణ, రోజుకు ఎన్ని గంటలు అన్నది చెప్పి, వారంలో మూడు సాయంత్రాలు పిల్లల హోంవర్కూ రాత్రి వంటా ఆయన చూసుకునేలా ఈ ఆదివారమే మాట్లాడి ఖాయం చేసుకోండి.